రెజిన్ ఊరికే అయిపోతోందా? మధ్యలో నీళ్లు పట్టి చూడు

ప్రశ్న: అన్నా, మాది నల్గొండ. ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్తాను. ఇంట్లో 200 లీటర్ల రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం పెట్టి ఏడాది కావస్తోంది. ఒక జత క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, నాలుగు నత్తలు, జోవాంథిడ్లు, మష్రూమ్ కోరల్స్ అనే మెత్తటి పగడాలు ఉన్నాయి. మొదట్లో వంటింటి ఆర్ఓ నీళ్లే పోశాను. తర్వాత ఎవరో చెప్తే నాలుగు స్టేజీల ఆర్ఓ-డీఐ యూనిట్ (ఆర్ఓ మెంబ్రేన్ దాటిన లవణాలను చివర్లో డీఐ రెజిన్ గింజలు పట్టేసేది) తెప్పించాను, 75 జీపీడీ (రోజుకు గ్యాలన్లు) మెంబ్రేన్, బూస్టర్ పంప్ కూడా ఉంది. మా బోరు నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాలు, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 1100, డీఐ నుంచి వచ్చేది 0. అంతా బాగుందనుకుంటే ముప్పావు లీటరు రెజిన్ నెలన్నరకే రంగు మారిపోయింది, మళ్లీ నింపితే మళ్లీ అంతే. రోజూ సాయంత్రం స్కూల్ నుంచి రాగానే ఐదు లీటర్లు పట్టుకుంటాను, దానికే గంటకు పైగా పడుతోంది. ఇసుక మీద, అద్దాల మీద గోధుమ రంగు పొర. జోవాలు సగం సగమే విచ్చుకుంటున్నాయి. యూనిట్ అమ్మినాయన మెంబ్రేన్ మార్చమంటున్నాడు, మా ఊళ్లో ఆర్ఓ రిపేర్ చేసే అబ్బాయేమో మెంబ్రేన్ బ్రహ్మాండంగా ఉంది సార్ అంటున్నాడు. మా నల్గొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కదా, దానివల్ల ఏమైనా ఇలా అవుతోందా? రెజిన్ ఖర్చు చూసి ఇంట్లో గొడవ కూడా అవుతోంది. ఏం చేయమంటారు?

సమాధానం: తమ్ముడూ, ఉత్తరంలో అన్నీ రాశావు గానీ అసలు అంకె ఒక్కటి వదిలేశావు. బోరు నీళ్లు 1100, చివర్లో వచ్చేవి 0 అన్నావు, బాగుంది. మెంబ్రేన్ దాటాక, రెజిన్‌లోకి పోయే ముందు నీళ్లు ఎంత చూపిస్తున్నాయి? అది తెలియకుండా అమ్మినాయన మార్చమన్నా, రిపేరు అబ్బాయి వద్దన్నా రెండూ ఊహలే. ఆ అబ్బాయిని తప్పు పట్టను, అతను రోజూ చూసేది తాగే నీళ్ల మిషన్లు, వాటికి 1100 కాస్తా 80కి వచ్చిందంటే నిజంగానే బ్రహ్మాండం. నీకు అలా కుదరదు. రెజిన్ తనలో సత్తువ ఉన్నంతసేపు ఎలాంటి నీళ్లనైనా సున్నా చేసి ఇస్తుంది కాబట్టి, చివర సున్నా చూసి మనం మురిసిపోతుంటే ముందున్న మెంబ్రేన్ చేయాల్సిన పని కూడా అదే చేస్తూ ఉంటుంది, ఆ బిల్లు రెజిన్ కడుతుంది, రెజిన్ బిల్లు నువ్వు కడతావు.

లెక్కల సార్‌వి కాబట్టి ఒక లెక్క చేద్దాం. మిక్స్‌డ్ బెడ్ రెజిన్ లీటరుకు రమారమి 20 నుంచి 25 గ్రాముల లవణాలు పట్టుకుంటుంది, నీ ముప్పావు లీటరుకు పదహారు గ్రాములు అనుకో. రోజుకు ఐదు లీటర్లు అంటే నెలన్నరలో 225 లీటర్లు. పదహారు గ్రాములను 225తో భాగిస్తే లీటరుకు 70 మిల్లీగ్రాములు పైచిలుకు వస్తుంది. అంటే నీ రెజిన్‌లోకి సగటున 70 టీడీఎస్ నీళ్లు పోతున్నట్టు, 1100లో 70 వదిలేస్తోందంటే మెంబ్రేన్ 93, 94 శాతం మాత్రమే ఆపుతున్నట్టు. మంచి మెంబ్రేన్ సరైన ప్రెషర్ మీద 96 నుంచి 98 శాతం ఆపాలి, అంటే మధ్యలో నీకు 22 నుంచి 44 మధ్య కనపడాలి. 44 ఉంటే ఇదే రెజిన్ రెండు నెలలు దాటి వచ్చేది, 22 ఉంటే నాలుగు నెలలు దాటేది. ఇది కాగితం మీది లెక్కే, బోరు నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఉంటే లెక్క కొంత తప్పుతుంది, దాని సంగతి తర్వాత చెప్తాను. కానీ ముందు వైపు ఏదో తేడా ఉందని అనుమానించడానికి ఇది చాలు.

రెండో సాక్ష్యం నువ్వే రాశావు, ఐదు లీటర్లకు గంటకు పైగా అని. 75 జీపీడీ అంటే రోజుకు 284 లీటర్లు, నిమిషానికి దాదాపు 200 మిల్లీలీటర్లు, ఐదు లీటర్లు అరగంట లోపే నిండాలి. నీకు నిమిషానికి 80 కూడా రావడం లేదు. ఆ 75 అనే అంకె 50, 60 పీఎస్ఐ ప్రెషర్ మీద, 25 డిగ్రీల నీళ్లతో రాసిన అంకె, ఇంట్లో అంత రాదు, ఒప్పుకుంటాను, కానీ సగం కన్నా తక్కువ అంటే మాత్రం మామూలు తేడా కాదు.

ఇక ఈ ఆదివారం చేయాల్సిన పని. వంటింట్లో కొలత గీతలున్న జగ్గు ఒకటి తీసుకో, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకో. యూనిట్ ఆన్ చేసి పది నిమిషాలు నడవనివ్వు. రెజిన్ హౌసింగ్‌లోకి పోయే సన్న పైపును ఊడదీసి, మెంబ్రేన్ నుంచి నేరుగా వచ్చే నీళ్లను ఒక్క నిమిషం జగ్గులోకి పట్టు, ఎన్ని మిల్లీలీటర్లో రాసుకో, టీడీఎస్ చూసి రాసుకో. తర్వాత వేస్ట్ పైపు నీళ్లు కూడా ఒక్క నిమిషం పట్టి, ఎన్ని మిల్లీలీటర్లో, టీడీఎస్ ఎంతో రాసుకో. పెన్నులా ఉండే టీడీఎస్ మీటరు చాలు, కాకపోతే బోరు నీళ్లలో ముంచి వెంటనే ఆర్ఓ నీళ్లలో ముంచితే మొనకు అంటుకున్న చుక్కే నీకు పది, ఇరవై ఎక్కువ చూపిస్తుంది. ముందు మంచి నీళ్లలో రెండుసార్లు ఆడించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్తగా పట్టిన నీళ్లలో చూడు. ఈ మీటర్లు ఏడాదికొకసారైనా తప్పు చూపడం మొదలుపెడతాయి, 342 పీపీఎం ఉప్పు ద్రావణం చిన్న సీసా దొరుకుతుంది, దానితో సరిచూసుకో.

ఇప్పుడు ఆ అంకెలను ఎలా చదవాలో చెప్తాను, అసలు రిపేరంతా ఇక్కడే ఉంది. మంచి నీళ్లు తగ్గాయి, వేస్ట్ కూడా తగ్గింది అంటే మెంబ్రేన్ దాకా నీళ్లే సరిగా చేరడం లేదు, ముందున్న ఫిల్టర్ పూడుకుపోయింది లేదా బూస్టర్ పంప్ నీరసించింది. మంచి నీళ్లు తగ్గి, వేస్ట్ మాత్రం ఎప్పటిలాగే ధారాళంగా పోతూ, మధ్య టీడీఎస్ పెరిగిందంటే మెంబ్రేన్ మీద సున్నం పేరుకుంది. మంచి నీళ్లు ఎప్పటికన్నా ఎక్కువ వస్తున్నాయి, టీడీఎస్ కూడా పెరిగింది, ఇది కొంచెం విచిత్రంగా ఉంటుంది, చాలామంది మిషన్ జోరందుకుందని సంతోషపడతారు, కానీ క్లోరిన్ తగిలి మెంబ్రేన్ పొర తినేసిందని అర్థం, దానికి మందు లేదు, మార్చుకోవడమే. ఇంకొకటుంది, వేస్ట్ బాగా తగ్గిపోయి మంచి నీళ్లు మాత్రం బాగానే వస్తుంటే వేస్ట్ పైపు మీద ఉండి ధారను అదుపు చేసే ఫ్లో రిస్ట్రిక్టర్ పూడుకుపోతోంది. వేస్ట్ తక్కువ పోతోంది కదా, నీళ్లు ఆదా అని వదిలేశావనుకో, కొన్నాళ్లకు మెంబ్రేన్ మొత్తం సున్నం కట్టేస్తుంది.

మీ నీళ్లకు నా పందెం సున్నం మీదే. మీ ఇంట్లో గీజర్ రాడ్డు, బాత్రూమ్ షవర్ చూడు, తెల్లగా గట్టిగా పొర కట్టి ఉంటుంది. అదే మెంబ్రేన్ మీదా కడుతుంది. వేస్ట్ పైపు చివర చుక్కలు కారే చోట వేలితో గీకి చూడు, తెల్లటి పొడి రాలితే దాని మీద నిమ్మరసం పిండు, నురగ బుసబుసమని లేచిందంటే కాల్షియం కార్బొనేట్ అని తేలిపోయినట్టే. మెంబ్రేన్ అవతలి వైపుకు నీళ్లను మాత్రం పంపి లవణాలను ఇవతలే ఆపుతుంది కాబట్టి, ఇవతల మిగిలే నీళ్లు చిక్కబడతాయి, ఒక వంతు మంచి నీళ్లకు నాలుగు వంతులు వేస్ట్ వదిలితే 1100 కాస్తా 1375 అవుతుంది, రెండు వంతులే వదిలితే 1650 అవుతుంది, ఆ చిక్కదనంలోనే సున్నం విరిగి మెంబ్రేన్ మీద దిగుతుంది. వంటింటి ఆర్ఓల్లో వేసే 300, 450 నంబర్ల (నిమిషానికి వదిలే మిల్లీలీటర్లు) రిస్ట్రిక్టర్లు వేస్ట్‌ను తక్కువ వదులుతాయి, నీ యూనిట్‌లో కూడా అదే వేసి ఇచ్చి ఉండొచ్చు, నంబర్ చూడు. బోరు నీళ్లతో నడపాలంటే ఒకటికి నాలుగు ఉండాల్సిందే. ఫ్లష్ వాల్వ్ ఉంటే ప్రతిసారీ యూనిట్ ఆపే ముందు రెండు మూడు నిమిషాలు తెరిచి పెట్టు, లేకపోతే ఒకటి వేయించుకో, చవకే.

ఇక ప్రెషర్. బూస్టర్ పంప్ ఉందన్నావు గానీ అది ఎంత ఇస్తోందో తెలుసా? డాబా మీద ట్యాంకు నుంచి కిందికి పది మీటర్ల ఎత్తుంటే వచ్చేది 14 పీఎస్ఐ, అంతే. టీడీఎస్ ప్రతి వందకు దాదాపు ఒక పీఎస్ఐ నీళ్లను వెనక్కి లాగుతుంది, కాబట్టి నీ బోరు నీళ్లకు అందులో 11 పోయింది, మిగిలేది మూడు. పంప్ సరిగా పనిచేయని రోజు నీ మెంబ్రేన్‌కు దక్కేది అదే. కార్బన్ ఫిల్టర్‌కూ మెంబ్రేన్‌కూ మధ్య ఒక ప్రెషర్ గేజ్ బిగించు, 60 దగ్గర ఉండాలి, 40 కన్నా తగ్గితే మెంబ్రేన్ ఆపే శాతం పడిపోతుంది. కొత్త ఫిల్టర్లు వేసిన రోజు ఎంత చూపిందో గోడ మీద పెన్సిల్‌తో రాసిపెట్టుకో, అక్కడి నుంచి 10, 15 తగ్గిందంటే ముందు ఫిల్టర్ మార్చే వేళ అయింది. ఆరు నెలలకొకసారి మార్చండి అని డబ్బా మీద రాసిన మాట కన్నా ఈ గేజ్ మాట నిజం. అది ఏ ఊరి నీళ్లను చూసి రాశారో మనకేం తెలుసు?

రోజూ ఐదు లీటర్లు పట్టే అలవాటు మానెయ్. ఇది నీ యూనిట్ తప్పు కాదు, నీ టైమ్‌టేబుల్ తప్పు. యూనిట్ ఆపి ఉన్నప్పుడు మెంబ్రేన్‌కు రెండు వైపులా నీళ్లు నిలబడి, చిక్కని వైపు నుంచి పలుచని వైపుకు లవణాలు మెల్లగా దాటుకుంటూ వస్తాయి, మర్నాడు ఆన్ చేయగానే మొదటి రెండు మూడు నిమిషాలు వచ్చే నీళ్లు రెండు మూడు వందల టీడీఎస్ కూడా చూపించొచ్చు. ఆ నీళ్లన్నీ నేరుగా నీ రెజిన్‌లోకే పోతున్నాయి, రోజూ. మెంబ్రేన్ తర్వాత ఒక టీ, చిన్న వాల్వ్ పెట్టించి, ఆన్ చేయగానే మొదట వచ్చే నీళ్లను బకెట్‌లోకి మళ్లించు, టీడీఎస్ దిగి నిలకడ అయ్యాకే రెజిన్‌లోకి వదులు. ఇంకా మంచిది, మూతున్న ఫుడ్‌గ్రేడ్ డ్రమ్ము ఒకటి కొని వారానికి ఒకేసారి నలభై లీటర్లు పట్టుకో. డ్రమ్ముకు ఫ్లోట్ పెట్టి ఆటోమేటిక్ అని వదిలేస్తారు కొందరు, లీటరు తగ్గినప్పుడల్లా ఆన్ అయి ఆగిపోతుంటుంది, అది నీ రోజువారీ ఐదు లీటర్ల కన్నా అన్యాయం.

ఇప్పుడు అసలు మాట. మీ ఇంటికి నల్లా రాదా? రాకుండా ఉండదు, సాగర్ నుంచి వచ్చే కృష్ణా నీళ్లు ఊళ్లో ఇస్తున్నారు కదా. మరి బోరు నీళ్లతో ఎందుకు కుస్తీ పడుతున్నావు? నల్లా వచ్చినప్పుడు నేరుగా పట్టి టీడీఎస్ చూడు, సంపులో బోరు నీళ్లతో కలిసిపోయాక చూసి లాభం లేదు. మూడు వందల లోపు ఉంటే, 96 శాతం ఆపే మెంబ్రేన్ మీద మధ్యలో 12 కన్నా ఎక్కువ రాదు, అదే ముప్పావు లీటరు రెజిన్ నీకు ఎనిమిది, తొమ్మిది నెలలు వస్తుంది. సున్నం బెడద తగ్గుతుంది, వేస్ట్ కూడా నాలుగు వందల లోపే ఉంటుంది కాబట్టి మొక్కలకు పోయొచ్చు, గిన్నెలు తోముకోవచ్చు, ఇంట్లో గొడవకు సగం మందు అదే. ఇప్పుడు బోరు మీద వచ్చే వేస్ట్ మాత్రం కుండీల్లో పోయకు, మట్టి పైన తెల్లగా ఉప్పు తేలుతుంది, బాత్రూమ్ కడగడానికి, వాకిలి చల్లడానికి వాడుకో. నల్లా నీళ్ల కోసం విడిగా 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, అందులోంచి బూస్టర్ పంప్‌తో యూనిట్‌కు ఇవ్వు.

నల్లా నీళ్లకు వేరే జాగ్రత్త ఉంది, క్లోరిన్. బోరు నీళ్లలో అది ఉండదు కాబట్టి ఇన్నాళ్లూ నీ కార్బన్ ఫిల్టర్ పెద్దగా పనిలేకుండా కూర్చుంది, ఇక నుంచి దానిదే మొదటి కాపలా. తాగునీటిలో ఇంటి కొళాయి దగ్గర కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన ప్రమాణాలే చెప్తాయి, పైపుల్లో క్రిములు పెరగకూడదు కాబట్టి అది ఉండటం మంచిదే, కానీ మెంబ్రేన్‌కు అది పడదు. కార్బన్ అయిపోయిందో లేదో చూపులో తెలియదు, మొదటి రోజూ నల్లగానే ఉంటుంది, చివరి రోజూ నల్లగానే ఉంటుంది. ఊళ్లలో నీళ్లు చూసేవాళ్లు వాడే చుక్కల క్లోరిన్ కిట్ ఒకటి కొనుక్కుని నెలకొకసారి వేస్ట్ పైపు నీళ్లలో చుక్కలు వేసి చూడు. మంచి నీళ్లు వదిలేసి వేస్టే ఎందుకంటే మెంబ్రేన్ ముఖం మీద తగిలే నీళ్లు అవే. ఏ కొంచెం పసుపు రంగు తిరిగినా కార్బన్ మార్చెయ్, మర్నాటికి వాయిదా వేయకు. పొడి కార్బన్ నింపిన గొట్టం కన్నా గట్టిగా ఒత్తిన కార్బన్ బ్లాక్ మంచిది, కొత్తది వేశాక మెంబ్రేన్‌కు కలపకుండా పది నిమిషాలు నీళ్లు బయటికి వదిలెయ్, నల్లటి పొడి అంతా పోవాలి.

వానాకాలంలో నల్లాలో ఎర్రటి బురద తెలుస్తుంది, అప్పుడు ముందున్న తెల్లటి దూది ఫిల్టర్, మనవాళ్లు క్యాండిల్ అనో స్పన్ అనో అంటారే, అదే తొందరగా పోతుంది. తీసేసిన దాన్ని పారేసే ముందు బ్లేడుతో అడ్డంగా కోసి చూడు. పైన అంగుళంలో పావు వంతు గోధుమ రంగు, లోపలంతా తెల్లగా ఉంటే సమయానికే మార్చావు. లోపలి గొట్టం దాకా రంగు దిగిందంటే ఆలస్యం చేశావు, ఆ బురద కార్బన్‌లోకి పోయింది. దాన్ని బ్రష్ పెట్టి కడిగి మళ్లీ వేసుకునే వాళ్లున్నారు, వద్దు. 5 మైక్రాన్లది చాలు, 1 మైక్రాన్ వేస్తే మీ నీళ్లకు తరచూ పూడుకుపోయి ప్రెషర్ తినేస్తుంది.

ఇసుక మీద గోధుమ పొర అన్నావు, అవి డయాటమ్స్, సిలికాతో పెంకు కట్టుకునే సన్నటి నాచు. ఏడాది నిండుతున్న ట్యాంకులో మళ్లీ వచ్చాయంటే వాటికి సిలికా ఎక్కడి నుంచో అందుతోంది, నా అనుమానం నీ రెజిన్ మీదే. మన రాతి నేల బోరు నీళ్లలో సిలికా బాగానే ఉంటుంది, మెంబ్రేన్ చాలావరకు ఆపుతుంది, దాటిందాన్ని రెజిన్ పట్టాలి, కానీ రెజిన్ దాన్ని బలంగా పట్టుకోలేదు. రెజిన్ అయిపోయే దశలో ముందు వదిలేసేది దాన్నే, మీటరు మాత్రం ఇంకా సున్నానే చూపిస్తుంటుంది, ఎందుకంటే టీడీఎస్ మీటరు కొలిచేది కరెంటు ఎంత పారుతోందనే, సిలికాకు ఆ కరెంటుతో పెద్దగా సంబంధం లేదు. అందుకని సున్నా ఉందిగా అని రెజిన్‌ను చివరి చుక్క దాకా పిండకు, మీటరు 1 చూపిన రోజు దాని పని అయిపోయినట్టే. రంగు మారే రెజిన్ అయితే మూడొంతుల ఎత్తుకు రంగు ఎక్కగానే మార్చు. హౌసింగ్‌లో నీళ్లు కింది నుంచి పైకి పోయేలా ఉండాలి, పై నుంచి కిందికి పోతే ఒక పక్కనే దారి చేసుకుని మిగతా రెజిన్‌ను తాకకుండా వెళ్లిపోతాయి. వీలైతే రెండు హౌసింగులు వరసగా పెట్టు, మొదటిది అయిపోగానే రెండోదాన్ని ముందుకు జరిపి కొత్తది వెనక పెడితే రెజిన్ మొత్తం వాడుకున్నట్టూ ఉంటుంది, ట్యాంకుకు ఏమీ జారిపోకుండానూ ఉంటుంది.

కార్బన్ డయాక్సైడ్ సంగతి చెప్తానన్నాను. లోతు బోరు నీళ్లలో అది కరిగి ఉంటుంది, వాయువు కాబట్టి మెంబ్రేన్‌ను ఇట్టే దాటుతుంది, టీడీఎస్ మీటరుకు పెద్దగా దొరకదు, రెజిన్‌లోకి వెళ్లి అక్కడి ఆనయాన్ గింజలను (రెజిన్‌లో రుణావేశపు అయాన్లను పట్టే గింజలను) తినేస్తుంది. మధ్యలో నీకు 25, 30 మాత్రమే చూపించి కూడా రెజిన్ నెలన్నరకే అయిపోతే దొంగ ఇదే. ఆర్ఓ నీళ్లు గ్లాసులో పట్టి వెంటనే పీహెచ్ చూడు, ఇంకో గ్లాసులో ఎయిర్ స్టోన్ పెట్టి రాత్రంతా గాలి ఆడించి పొద్దున చూడు, పీహెచ్ బాగా పెరిగితే గ్యాస్ ఉన్నట్టు. అప్పుడు ఆర్ఓ నీళ్లను ఒక డ్రమ్ములో పట్టి, ఒక రాత్రి గాలి కొట్టించి, చిన్న పంప్‌తో రెజిన్ గుండా పంపాలి. నల్లాకు మారితే ఈ తంటా చాలావరకు ఉండదు.

ఫ్లోరైడ్ గురించి భయపడ్డావు. నల్గొండ పేరు మీదే, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే 'నల్గొండ టెక్నిక్' అని ఒక పద్ధతి ఉంది, 1970లలో నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారు చేశారు, కాబట్టి ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది, మర్రిగూడ, మునుగోడు వైపు జనం పడ్డ బాధ చిన్నది కాదు. కానీ నీ కోరల్స్‌కు అది శత్రువు కాదు. సముద్రపు నీళ్లలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది, మనం తాగే నీళ్లకు పెట్టిన హద్దు 1, తప్పనిసరైతే 1.5. పైగా ఆర్ఓ దాన్ని చాలావరకు తీసేస్తుంది. మెంబ్రేన్‌ను ఎక్కువగా దాటుకుని వచ్చేది నైట్రేట్, ఎరువులు బాగా పడే పొలాల పక్క బోర్లలో అది ఎక్కువ. ట్యాంకులోంచి ఆవిరయ్యేది ఉత్త నీళ్లే, నువ్వు పోసిన నీళ్లలో ఉన్నదంతా లోపలే ఉండిపోతుంది. లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్న నీళ్లు నెలకు 120 లీటర్లు పోశావంటే 200 లీటర్ల ట్యాంకులో నెలకు 6 పీపీఎం చేరినట్టు.

వంటింటి ఆర్ఓ నీళ్లు పోశానన్నావు కదా, ఆ మిషన్ మీద 'కాపర్' అని రాసి ఉందేమో ఒకసారి చూడు. ఈ మధ్య తాగే నీళ్లలో రాగి కలిపే మిషన్లు బాగా అమ్ముడవుతున్నాయి, మనిషికి మంచిదని చెప్తారు, రొయ్యలకు, నత్తలకు, కోరల్స్‌కు మాత్రం రాగి విషం. అదే అయితే కాపర్ టెస్ట్ కిట్‌తో ట్యాంకు నీళ్లు చూసుకుని, రాగిని పట్టే ప్రత్యేకమైన ఫిల్టర్ మీడియా వాడాల్సి వస్తుంది. నీ రొయ్య, నత్తలు ఇన్నాళ్లుగా హాయిగా తిరుగుతున్నాయంటే ఆ భయం తక్కువే. రాగి లేకపోయినా, రుచి కోసం ముడి నీళ్లను కాస్త కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఆ మిషన్లలో ఉంటుంది కాబట్టి అవి మన పనికి రావు. దుకాణాల్లో అమ్మే ఇరవై లీటర్ల క్యాన్ల సంగతీ అంతే. రెజిన్ దాటిన నీళ్లకు ఇత్తడి నల్లా, ఇత్తడి జాయింటు ఎక్కడా తగలనివ్వకు.

ఎండాకాలంలో ఇంకో చిక్కు. ఏప్రిల్, మే నెలల్లో డాబా మీద నల్ల ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంతగా కాగుతాయి, మన మెంబ్రేన్లు 45 డిగ్రీల వరకే తట్టుకుంటాయి, అంత దాకా పోకపోయినా నీళ్లు వేడెక్కే కొద్దీ లవణాలు ఎక్కువ దాటి మధ్య టీడీఎస్ పెరుగుతుంది. తెల్లవారుజామున పట్టుకో. అప్పుడే ట్యాంకు చల్లబరచడానికి ఫ్యాన్ పెడతావు, ఆవిరీ పెరుగుతుంది, నీళ్ల అవసరమూ పెరుగుతుంది, అందుకే ఫిల్టర్ల మార్పిడి మార్చిలోనే కానిచ్చెయ్.

ఫిల్టర్లు మార్చేటప్పుడు హౌసింగ్ గిన్నెలు కూడా కడగాలి, లోపల జిగురు పట్టి ఉంటుంది, కొంచెం బ్లీచ్ కలిపిన నీళ్లతో రుద్ది, వాసన పూర్తిగా పోయేదాకా కడిగి, ఆరబెట్టు. బ్లీచ్ చుక్క కూడా మెంబ్రేన్ దాకా పోకూడదు. ఓ-రింగ్‌కు వాజిలిన్ రాయకు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది, సిలికాన్ గ్రీజు చిన్న డబ్బా దొరుకుతుంది. స్పానర్ పెట్టి బలమంతా చూపిస్తే గిన్నె పగులుతుంది, చేత్తో బిగించి పావు తిప్పు చాలు. కొత్త మెంబ్రేన్ వేస్తే మొదటి గంట నీళ్లు పారబోయాలి, కొత్త రెజిన్‌కు మొదటి రెండు లీటర్లు.

ట్యాంకులో ఇప్పుడున్న గోధుమ పొరకు మందులేవీ పోయకు. నీళ్లు బాగుపడ్డాక వారానికి ఇరవై లీటర్ల చొప్పున మార్చుకుంటూ పో, ఇసుక మీద పొరను సన్న గొట్టంతో పీల్చెయ్, కొన్ని వారాలు పడుతుంది. జోవాలు సగం విచ్చుకోవడానికి ఈ నీళ్లే కారణమని ఒట్టేసి చెప్పలేను, ఉప్పు వెయ్యికి 35 వంతుల దగ్గర ఉందో లేదో కూడా చూడు, రోజూ ఐదు లీటర్లు చేత్తో పోసేవాళ్ల ట్యాంకుల్లో అది పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది.

కొత్త రెజిన్ మాత్రం ఇప్పుడే కొనకు. ముందు దూది ఫిల్టర్, కార్బన్ మార్చి, గేజ్ బిగించి, ప్రెషర్ 60 దగ్గరికి తెచ్చి, అప్పుడు మధ్య టీడీఎస్ చూడు. నల్లా నీళ్ల మీద 15 లోపు, బోరు మీదైతే 45 లోపు వస్తే మెంబ్రేన్ విషయంలో మీ రిపేరు అబ్బాయి మాటే నిజం. అప్పటికీ 70, 80 చూపిస్తుంటే మెంబ్రేన్‌తో పాటు రిస్ట్రిక్టర్ కూడా కొత్తది వేయించు, పాతది ఉంచితే కొత్త మెంబ్రేన్‌కూ అదే గతి. జగ్గుతో కొలిచిన అంకెలు, నల్లా నీళ్ల టీడీఎస్, గేజ్ ఎంత చూపిందో రాసి పంపు, రెజిన్ ఎంత తెచ్చుకోవాలో అప్పుడు లెక్క కడదాం.